ఆర్విడ్ చదివాడంటే చాలు

శుక్రవారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి వచ్చిన ఫోన్ విన్నాక, చేతిలో ఉన్న సాండ్‌విచ్ కింద పెట్టాలని కూడా తోచలేదు లీనెట్ హాగ్లండ్‌కి. నాలుగో మంచం మీది ముసలమ్మకి ఎంత మందు ఎక్కుతోందో చూపించాల్సిన తెర మీద ఆరో మంచం మనిషి అంకె కనబడిందట. నర్సుకి ఇద్దరూ తెలిసినవాళ్లు కాబట్టి, ఈ పిట్టంత మనిషికి ఇంత మందేమిటని అనుమానం వచ్చి మందెక్కించే పంపు దగ్గరికి వెళ్లి చూసింది. అదే కొత్త నర్సయితే ఆ అంకె నమ్మి, గుండెని నడిపిస్తున్న మందు సగానికి తగ్గించేసేది. ముసలమ్మ కథ అక్కడితో ముగిసేది.

డులూత్ ఊళ్లో ఆ పంపులూ, వాటన్నిటి అంకెలూ ఒకేచోట చూపించే యంత్రమూ తయారు చేసే కంపెనీలో లీనెట్ పని కెర్నెల్ రాయడం. అంటే యంత్రం అడుగున కూర్చుని మిగతా ప్రోగ్రాములన్నిటినీ అదుపులో పెట్టే ప్రోగ్రాము. ఒకరి అంకె ఇంకొకరి తెర మీదికి వచ్చిందంటే తప్పు ఆ అడుగునే ఉండాలి. అడుగున మెమరీ భాగం చూసేది ఇద్దరే. ఒకరు తను. రెండోవాడు ఆర్విడ్ నీమి.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పక తప్పదు, కాస్త ఓపిక పట్టండి. మెమరీ అంటే బోలెడన్ని గదులనుకోండి. ఏ గది ఎవరిదో కెర్నెల్ ఒక పట్టికలో రాసి ఉంచుతుంది. యంత్రంలో లెక్కలు చేసే మెదళ్లు, వాటిని కోర్లంటారు, కొన్ని ఉంటాయి. ప్రతిసారీ పట్టిక తిరగేయడం ఎందుకని ఒక్కో కోరూ తను ఈమధ్య వెళ్లిన గదుల చిరునామాలు తన దగ్గరే గుర్తు పెట్టుకుంటుంది. చిక్కల్లా గది చేతులు మారినప్పుడే వస్తుంది. ఒకడి గది ఖాళీ చేయించి ఇంకొకడికి ఇచ్చేముందు, ఆ పాత చిరునామా తుడిచెయ్యండర్రా అని కోర్లన్నిటికీ కేకెయ్యాలి. గది గదికీ కేకేస్తే అందరి పనీ ఆగుతుంది. అందుకని కిందటి వేసవిలో లీనెట్ ఒక మార్పు రాసింది. ఖాళీ అయిన గదులన్నీ ఒక పక్కన పోగేసి, అన్నిటికీ కలిపి ఒకేసారి కేకేస్తే సరిపోతుందని. నియమం ఒక్కటే. కేక అందరికీ చేరేదాకా పోగులోని ఒక్క గది కూడా ఎవరికీ ఇవ్వకూడదు. ఇస్తే, పాత చిరునామా పట్టుకున్న కోరు తిన్నగా వెళ్లి కొత్తవాడి కంచంలో చెయ్యి పెడుతుంది.

పంపులు చురుగ్గా తయారయ్యాయి. అందరూ లీనెట్ వీపు తట్టారు. ఆ మార్పు కింద, కంపెనీ ఆచారం ప్రకారం, "చదివాను, సరిగ్గా ఉంది" అన్న వాక్యమూ దాని పక్కన ఆర్విడ్ పేరూ ఉన్నాయి.

ఆ వాక్యం విలువ బయటివాళ్లకి తెలియదు. అది లేనిదే ప్రోగ్రాములో ఒక్క వరస కూడా యంత్రంలోకి ఎక్కదు. ఆర్విడ్ చేత ఆ మాట అనిపించుకోవడమంటే మూడు చెరువుల నీళ్లు తాగడమే. ఆయన దగ్గర పని నేర్చుకున్న కొత్తల్లో లీనెట్ కారులో కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. అయితే ఆయన పేరు పడ్డాక ఇక నిశ్చింత. పరీక్షలు చేసేవాళ్లు కూడా, ఆర్విడ్ చదివాడా, అయితే చాలు, కాఫీకి పోదాం పదండి అనేవారు.

శనివారం పొద్దున ఆఫీసులో ఒక్కతే కూర్చుని లీనెట్ ఆ మార్పు తెరిచింది. హార్డ్‌వేర్ వాళ్ల మీదికి తోసేయొచ్చని లోలోపల ఆశ ఉండేది, అబద్ధమెందుకు. సగం కాఫీ తాగేసరికి ఆశ అడుగంటింది. మెమరీ నిండిపోయి గదులకి కరువొచ్చినప్పుడు నడిచే చిన్న ముక్క ఒకటి ఉంది. అక్కడ ముందు గదులు ఇచ్చేసి, ఆ తర్వాత కేకేస్తోంది. రెండు వరసలు తలకిందులు. అంతే.

వంకర టింకర తప్పయితే సరే, మనిషన్నాక జరుగుతుంది. ఇది పట్టపగలు నడిరోడ్డు మీద నిలబడ్డ తప్పు. తను రాసిందే, తన చేతులతోనే. ముసలమ్మ మొహం ఆమె ఎప్పుడూ చూడలేదు గానీ, ఎవరో పిట్టంత మనిషి మంచం మీద పడుకుని తనని చూస్తున్నట్టే అనిపించింది.

వెంటనే మేనేజర్ ట్రూడీకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. ట్రూడీ తిట్టే మనిషి కాదు, అదే ఇంకా బాధ. కొత్త కెర్నెల్ ముందుగా ఎక్కించి చూస్తున్నది ఆ ఒక్క ఆసుపత్రిలోనే కాబట్టి, అక్కడ పాతది మళ్లీ ఎక్కించమని అప్పటికప్పుడే పురమాయించింది. సోమవారం అన్ని ఆసుపత్రులకీ వెళ్లాల్సిన కొత్త కెర్నెల్ విడుదల మాటేమిటని లీనెట్ అడిగితే, ఈ రెండు వరసలు సరిచేసి పంపేద్దాం, మిగతాదంతా ఆర్విడ్ చదివిందేగా అంది. ఎందుకైనా మంచిది, వెళ్లి ఆయన్ని ఒకసారి అడిగి రమ్మంది.

అప్పుడు పుట్టింది లీనెట్‌కి కోపం. తను తప్పు రాసింది, ఒప్పుకుంది. మరి ఆయన కళ్లు ఏమయ్యాయి? అచ్చుతప్పుకి మనుషుల్ని ఏడిపించే పెద్దమనిషి, ఇంత ఏనుగు ఎదురుగా నడిచిపోతుంటే ఎలా చూడలేదు? ఆ మాట మొహం మీదే అడగాలనుకుంది.

చలికాలం శనివారం ఆర్విడ్ ఇంట్లో ఉండడు. గడ్డకట్టిన సరస్సు మీద చెక్క గుడిసె పెట్టుకుని, మంచుకి బెజ్జం కొట్టి, గాలం వేసుకుని కూర్చుంటాడు. లాప్‌టాప్ కూడా అక్కడికే. ఈ వారం మంచు మందంగానే ఉందని రేవులో వాళ్లు చెప్పారు కాబట్టి లీనెట్ ట్రక్కుని తిన్నగా సరస్సు మీదికే నడిపింది. గుడిసె తలుపు కొట్టేసరికి లోపల్నుంచి, చేపలు బెదిరిపోతాయి, మెల్లిగా రా అని గొంతు వినిపించింది.

స్టవ్ పక్కన మడత కుర్చీలో ఉన్నాడు ఆర్విడ్. ఉన్ని టోపీ, నెరిసిన గడ్డం, ఒళ్లో గాలం. ఆమెని చూసి సంతోషపడ్డాడు. ఫ్లాస్కులోంచి కాఫీ పోసి, సాసేజ్ ముక్కలు ముందుకు తోశాడు. పొద్దుట్నుంచి ఒక్క చేపా పడలేదని, పక్క గుడిసె టోయ్‌వోకి మాత్రం రెండు పడ్డాయని, వాడికి చేపలు దయతలచి పడతాయే తప్ప తెలివి చూసి కాదని అన్నాడు. లీనెట్‌కి నవ్వు రాలేదు. ఆసుపత్రి సంగతంతా చెప్పింది. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని విన్నాడు.

ఆమె లాప్‌టాప్ తెరిచి ఆ ముక్క ఆయన ముందు పెట్టింది. కావాలనే వేలు పెట్టి చూపించలేదు. ఆయనే చూసి, ఆయన నోటితోనే ఒప్పుకోవాలని ఆమె పంతం.

ఆర్విడ్ కళ్లజోడు సవరించుకుని చదివాడు. పైనుంచి కిందికి, మళ్లీ పైనుంచి కిందికి.

"బాగానే ఉందిగా అమ్మాయ్," అన్నాడు.

ఆయనకి ఇదొక అలవాటు. తెలిసీ తెలియనట్టు నటించి, ఎదుటివాడి చేతే తప్పు పట్టిస్తాడు. లీనెట్‌కి ఒళ్లు మండింది. ఇది ఆటలాడే సమయం కాదు పెద్దాయనా అంది. ఆయన నవ్వలేదు. మళ్లీ తెర వైపు వంగాడు. స్టవ్ మీద గిన్నెలో నీళ్లు మరిగి పొంగుతున్నా ఆయన తల ఎత్తలేదు.

"పోనీ, ఇది చెప్పండి," అంది లీనెట్. "ముందు గది ఇవ్వాలా, కేకెయ్యాలా?"

"అదేం ప్రశ్న? ముందు కేక. అందరూ తుడుచుకున్నారని తేలాక గది. ఆ నియమం రాసిందే నేను. నువ్వప్పుడు బళ్లో చదువుకుంటున్నావ్."

తడుముకోకుండా చెప్పాడు. గొంతులో ఆ పాత గద్దింపు కూడా ఉంది. లీనెట్ ప్రాణం లేచి వచ్చింది.

"మరి ఇక్కడ ఏది ముందుంది?"

ఆయన తెర మీద వేలు పెట్టాడు. పెదాలు కదులుతున్నాయి. మొదటి వరస మీద వేలు ఆగింది, రెండో వరసకి దిగింది, తిరిగి మొదటి దానికి వచ్చింది. బళ్లో పిల్లవాడు కూడబలుక్కుని చదివినట్టు చదివాడు. చదివిన ప్రతి మాటా సరిగ్గానే చదివాడు. కింది వరసకి వెళ్లేలోపు పై వరస జారిపోతోంది. నియమం నోట్లో ఉంది, తప్పు కళ్లెదుట ఉంది, రెండూ ఒకదానికొకటి అందడం లేదు.

మంచు పగిలి ట్రక్కూ గుడిసే తనూ నీళ్లలోకి దిగిపోయినా లీనెట్ అంత అదిరిపడేది కాదు. తిడదామని వచ్చిన సంగతే మర్చిపోయింది. ఆయన వేలు ఇంకా అక్కడే తచ్చాడుతోంది. ఇక చూడలేక లాప్‌టాప్ మెల్లిగా తన వైపు తిప్పుకుంది.

"ఎప్పట్నుంచి?" అంది.

ఆర్విడ్ బెజ్జంలోకి చూశాడు. కిందటి చలికాలం నుంచీ అన్నాడు. మొదట్లో పొద్దున పూట బుర్ర బాగానే పనిచేసేదట. తర్వాత పొద్దున కూడా పోయిందట. భార్య డాక్టరు దగ్గరికి లాక్కెళ్లిందట. ఆఫీసులో చెప్పేద్దామని ప్రతి వారమూ అనుకున్నాడట, ప్రతి వారమూ ఎవరో ఒకరు మార్పు పంపి, మీరు చూస్తే చాలు ఆర్విడ్ అనేవారట.

"మరి ఎలా సంతకం పెట్టారు?"

"రాసిందెవరో చూసి పెట్టా. పేరు మంచిదైతే పెట్టేశా." గాలం తాడు సవరించుకుంటూ అన్నాడు, "నీ పేరు కనిపిస్తే అసలు తెరిచేవాణ్ణే కాదు. నువ్వు తప్పు రాయవుగా."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినట్టయింది లీనెట్ పని. ఆయన చూస్తాడులే అని తను రెండోసారి చదవకుండా పంపింది. ఆమె రాసిందిలే అని ఆయన ఒక్కసారి కూడా చదవకుండా పెట్టాడు. మధ్యలో మంచం మీద ముసలమ్మ. ఆయన మీద కోపం, తన మీద సిగ్గు, ఆయన్ని చూస్తే జాలి, అన్నీ ఒక్కసారే కమ్ముకున్నాయి. అంతకన్నా పెద్ద భయం అప్పుడు తట్టింది. ఏడాదిగా కెర్నెల్‌లోకి ఎక్కిన ప్రతి మార్పు కిందా ఈయన పేరే ఉంది. సోమవారం వెళ్లేది మొత్తం ఆ పేరు మీదే నడుస్తోంది. అంటే ఎవరూ చదవలేదు.

ఇది ట్రూడీకి చెప్పాలి. చెప్తే రేపటికల్లా ఊరంతా ఆర్విడ్ బుర్ర గురించే మాట్లాడుకుంటుంది. నలభై ఏళ్లు ఈగ వాలనివ్వకుండా కాపాడుకున్న పేరు. చెప్పకపోతే ఇంకెక్కడో ఇంకో మంచం. చెప్పక తప్పదని తెలిసినా ఆమె చెయ్యి ఫోను మీదికి పోలేదు.

ఆర్విడ్‌కి ఆ మొహం చదవడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేకపోయింది. ఫోను తనే తీసుకున్నాడు. ట్రూడీకి సోమవారం విడుదల ఆపమన్నాడు. కిందటి చలికాలం నుంచి తన పేరున్నవన్నీ కొత్తగా చదివించమన్నాడు. తను చదవలేదని, ఇక చదవలేడని చెప్పాడు. అవతల ట్రూడీ ఏదో అంటుంటే, జాలిపడడానికి తర్వాత బోలెడు టైముంది, ముందు పని చూడమని పెట్టేశాడు.

తర్వాత తన లాప్‌టాప్ ఒళ్లోకి తీసుకున్నాడు. కెర్నెల్‌లో ఏ భాగానికి ఎవరు పెద్దో రాసి ఉండే ఫైలు ఒకటుంటుంది. మెమరీ భాగం కింద రెండు పేర్లు, ఆయనది, ఆమెది. తన పేరు తనే తీసేస్తానన్నాడు. నేను తీసేస్తానులెండి అంది లీనెట్. వద్దన్నాడు. నేను రాస్తా, నువ్వు చదివి సంతకం పెట్టు, పద్ధతి పద్ధతే అన్నాడు.

ఒక్క వరస తీసెయ్యడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. గాలం తాడు రెండుసార్లు గుంజుకుంది, ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు. కింద ఒక కారణం కూడా రాయాలి కాబట్టి రాశాడు. "నేను ఇక ఈ పనికి తగను. నా స్థానంలో లీనెట్ ఉంటుంది. ఆమె చదివితే నమ్మండి." పంపించి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, అమ్మయ్య, ఒక్కటైనా సరిగ్గా చేశాను అన్నాడు. ఆ మొహంలో ఎన్నో నెలల బరువు దిగిన తేలిక కనబడింది.

లీనెట్ తన తెర మీద ఆ మార్పు తెరిచింది. కారణం చదివి కళ్లు తుడుచుకుంది. సంతకం పెట్టబోయి, ఆగి, పైన వరస చూసింది.

తీసేసిన వరసలో ఉన్నది ఆయన పేరు కాదు. ఆమె పేరు.

ఇంకోసారి చదివింది. పొరపాటు పడ్డానేమో, కళ్లు మసకగా ఉన్నాయేమో అని మళ్లీ చదివింది. ఆమె పేరే. ఆర్విడ్ నీమి పేరు చెక్కుచెదరకుండా అక్కడే ఉంది. పెట్టెయ్, సంతకం పెట్టెయ్, ఇంటికెళ్లి నువ్వే గుట్టుచప్పుడు కాకుండా సరిచేసుకో, ఆ ముసలాయనకి ఈ ఒక్క పూటైనా మనశ్శాంతి ఉండనీ అని మనసు పోరుపెట్టింది. ఆయన కాఫీ గుక్క వేసి ఆమె వైపే చూస్తున్నాడు.

"చదివావా? బాగానే ఉందా?"

లీనెట్ కుర్చీ జరుపుకుని ఆయన పక్కన కూర్చుంది.

"తప్పుంది ఆర్విడ్," అంది. "నేను సంతకం పెట్టను."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకోబోతే ఒక కాడ చెవికి అందలేదు. ఆమే సర్ది పెట్టింది.

"ఎక్కడ?" అన్నాడు. "చూపించు."