ముందే బయట చేరిన కోడలు

“అత్తా, నేను బయట చేరినా” అంది ఈశ్వరి, మగ్గం గుంతలోంచి చేతులు ఆనించి పైకి లేస్తూ.

అది అబద్ధం. ఇంకా చేరలేదు, రెండు రోజులు పట్టేలా ఉంది. కానీ పొత్తికడుపులో అప్పుడే మొదలైంది. నడుము నుంచి తొడల దాకా గుంజుతోంది. గుంతలో చెక్కను కాలితో తొక్కినప్పుడల్లా కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. అత్త కుళ్ళాయమ్మ, “పెండ్లి చీరను నడమలో నిలబెడితివే తల్లీ” అని గొణిగి, కోడలి కొంగు తగలకుండా పక్కకు తప్పుకుంది. ధర్మవరంలోని ఆ ఇంట్లో మగ్గం దేవుడితో సమానం. బయటున్న ఆడమనిషి దాన్ని ముట్టుకోకూడదు, వంటింట్లోకి రాకూడదు, దేవుని గూటి దరిదాపులకు పోకూడదు. మూడు రోజులు వసారాలో చాప మీద ఉండి, నాలుగోనాడు తలకు పోసుకుని మళ్లీ గుంతలోకి దిగాలి. వాకిలి ఊడ్వడానికీ, ఇంటిల్లిపాది మాసిన బట్టలు ఉతకడానికీ మాత్రం మైల అడ్డం రాదు. మైలకు కూడా ఎక్కడ అడ్డం రావాలో బాగానే తెలుసు.

ఆ ఇంట్లో సెలవు ఉన్నది మైలకే, నొప్పికి కాదు. ఈ సంగతి ఈశ్వరికి పెళ్లయిన కొత్తలోనే అర్థమైంది. నొప్పి అంటే, “నీకొక్కదానికేనా? మేమంతా ఆడోళ్లం కాదా?” అనేది అత్త. మొగుడు జయచంద్ర చెడ్డవాడేమీ కాదు, పరుగున పోయి మాత్ర తెచ్చిచ్చేవాడు. ఇచ్చి, “ఏసుకోని కూచో, చీర శుక్రవారానికి ఇయ్యల్ల” అనేవాడు. పుట్టింట్లో అమ్మ, “ఒక కాన్పయితే అంతా పోతాదిలే” అంది. కాన్పు రాలేదు, నొప్పి పోలేదు. మొగుడు దగ్గరికి తీసుకుంటే లోపలెక్కడో కలుక్కుమని ఒళ్లు బిగుసుకుపోయేది. “నేనంటే ఇష్టం ల్యాదు నీకు” అని అతను అటు తిరిగి పడుకునేవాడు. ఇష్టం ఉన్న చోట కూడా నొప్పి ఉంటుందని అతనికి ఎట్లా చెప్పాలో ఆమెకు తెలిసేది కాదు. తనకే సరిగా తెలియదు మరి.

రక్తం కనబడ్డాక ఆమెకు కొంచెం తెరిపి. ముందు రోజులే ప్రాణం తోడేస్తాయి. అందుకే ఒకానొక నెలలో రెండు రోజుల ముందే “బయట చేరినా” అనేసింది. ఎవరూ ఎదురు మాట్లాడలేదు, చాప పరిచేశారు. ఆ చాప మీద మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంటే స్వర్గంలా అనిపించింది. కానీ నిజంగా చేరిన మరునాడే, లెక్క ప్రకారం తలకు పోసుకుని లోపలికి రావలసి వచ్చింది. అట్లాగే వచ్చింది. బయటున్న ఒంటితోనే పట్టు నేసింది, అన్నం వండింది, దేవుని గూట్లో దీపం పెట్టింది. మొదటిసారి భయపడుతూనే అగ్గిపుల్ల గీసింది. దీపం మామూలుగానే వెలిగింది. తర్వాత తర్వాత భయపడే ఓపిక కూడా లేకపోయింది.

అయితే పిల్లల కోసం ఏ ఆస్పత్రికి పోయినా తేదీలు చెప్పేది అత్తే. ఆ తేదీలను బట్టే డాక్టర్లు మందులిచ్చేవాళ్లు, మొగుడూ పెళ్లాలు ఏ రోజుల్లో కలవాలో చెప్పేవాళ్లు. లెక్కంతా తప్పని తెలిసింది ఈశ్వరి ఒక్కదానికే. చెబితే ఇల్లు అంటుకుంటుంది. చెప్పకపోతే కడుపు కాలిపోతుంది. ఎటూ తేల్చుకోలేక ఏళ్లు గడిపేసింది.

చివరికి ఆడబిడ్డ సుధ చెప్పిందని హిందూపురంలో లేడీ డాక్టరు దగ్గరికి ముగ్గురూ రైలెక్కారు. పెనుకొండ దాటాక కుళ్ళాయమ్మ కిటికీలోకి చూస్తూ, “ఈడ కూడా కాకుంటే తనకల్లులో నా తమ్ముని కూతురుండాది, వీనికి అడుగుతా” అంది. జయచంద్ర వినిపించనట్టు ఫోన్ చూసుకున్నాడు.

స్కాన్ చూసి డాక్టరు, “నొప్పి ఎప్పుడు మొదలవుతుంది?” అని అడిగింది.

“చేరినాకే మేడమ్. మూడు దినాలు పండుకోనుంటాది, నాలుగోనాడు లేస్తాది” అంది కుళ్ళాయమ్మ.

“మీరు చెప్పిన తేదీకీ స్కాన్‌కీ పొంతన కుదరడం లేదు. ఆమెను చెప్పనివ్వండి.”

ఈశ్వరి మొగుడి వైపు చూసింది. అతను నేల చూస్తున్నాడు.

“ఆ తేదీలు తప్పు మేడమ్. చేరకముందే చేరినానని చెప్తా. నొప్పి ముందే వస్తాది, పండుకోనీకి నాకు వేరే దారి ల్యాదు.”

కుళ్ళాయమ్మ ముఖం నల్లబడింది. “అంటే మైలతోనే మగ్గమెక్కినావా? దేవుని గూడు ముట్టుకున్యావా? అందుకేనే నీ కడుపు పండలా!”

“అందుకు కాదు పెద్దమ్మా” అంది డాక్టరు. “ఇది ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు. గర్భసంచి లోపలుండే పొరలాంటిది బయట కూడా పెరిగింది. నెలనెలా అదీ రక్తం కారుస్తుంది, పోవడానికి దారి లేదు. అండాశయంలో గడ్డకట్టింది, చుట్టూ ఉన్నవి అతుక్కుపోయినట్టున్నాయి. అందుకే ఆ నొప్పి. పిల్లలు కావడం కష్టమయ్యేదీ దీనివల్లే. అసలు కారని కాదు. ఆమె చేసిన తప్పేమీ లేదు.”

ఈశ్వరికి కన్నీళ్లు ఆగలేదు. జబ్బుందంటే సంతోషం కలగడం ఏమిటో. ఇన్నేళ్లూ తను వేషాలు వేయలేదని, సోమరిపోతు కాదని, పేరున్న ఒక నొప్పిని మోసిందని ఒక మనిషి అందరి ముందూ అంది.

“నొప్పికి మాత్రలున్నాయి. కానీ అవి వాడినన్నాళ్లు గర్భం రాదు. పిల్లల కోసం ఇప్పుడే ప్రయత్నించాలంటే అవి ఇవ్వలేను, దానికి వేరే వైద్యం. ముందు ఏది చేద్దాం?”

“పిల్లలే మేడమ్” అన్నాడు జయచంద్ర.

“నేను అడిగింది ఆమెను.”

ఈశ్వరి కొంగుతో ముఖం తుడుచుకుంది. బిడ్డ మీద ఆశ ఆమెకూ ఉంది, అందరికంటే ఎక్కువే ఉంది. రైల్లో విన్న మాటా గుర్తుంది. అయినా డాక్టరు వైపే చూస్తూ చెప్పింది.

“మాత్రలు రాయండి మేడమ్. పెద్దమనిషినైనప్పటి నుంచి నొప్పి ల్యాకుండా నేనెట్లుంటానో నాకే తెలీదు. ముందు ఆ మనిషిని చూడల్ల నేను.”