ఆరని సిరా

చెంగయ్య టీ అంగడి వడమాలపేటలో బస్సులు ఆగే చోట ఉండేది. తెల్లారి తిరపతి నుంచి మొదటి బస్సు వచ్చేలోపల పాలు ఒక పొంగు పొంగి ఉండాలి, బెంచీలు తుడిచి ఉండాలి, రేడియో పెట్టి ఉండాలి. ఇవన్నీ చేసేది అతని భార్య మునిలక్ష్మి. బస్సు ఆగిన చప్పుడు వినపడగానే ఆమె గోతం పట్ట తెర వెనక్కి పోయేది. అక్కడ కూర్చుని గ్లాసులు కడుగుతూ, ఉల్లిగడ్డలు తరుగుతూ పొద్దుగూకేదాకా మాటలు వినేది. నలబై ఏండ్ల మనిషి. ఐదో తరగతి దాకా చదివింది. అయినా కొత్త మనిషి ఎదురైతే మాట గొంతులోనే నిలిచిపోయేది. టీ తాగేవాళ్ల మొగాలు ఆమెకు సగం తెలియవు. గొంతులు మాత్రం అన్నీ తెలుసు.

అన్నింట్లోకి పెద్దది ఓబయ్య గొంతు. ఏ పార్టీ గెలిచినా తిట్టేవాడు.

"రోడ్డేసినారంట రోడ్డు. ఆ రోడ్డు మిందనే నా కాలు ఇరిగింది. పుత్తూరు కట్టు కట్టించుకోని మూణ్ణెల్లు మంచం మింద ఉంటే, ఎట్లుండావప్పా అని ఏ మంత్రయినా వచ్చినాడా?"

"నువ్వు చెప్పి పంపించలేదేమో," అనేవాడు చెంగయ్య, టీ తిరగబోస్తూ.

ఓట్ల సిరా సంగతి ఆ ఊళ్లో అందరికీ తెలిసిందే. ఎడమచేతి చూపుడువేలికి పెట్టిన సిరా ఇల్లు చేరేలోపల ఆరిపోవాలి. ఆరకపోతే ఆ మనిషి ఇంకో ఓటు వేయడు. మళ్లీ ఓట్లు వచ్చేలోపలే పోతాడు. ఎమ్మెల్యే, ఎంపీ ఓట్లకే ఇది. పంచాయతీ ఓట్ల సిరాకు ఆ గుణం లేదు. ఆరని వేలికి ఇంట్లోవాళ్లు పాతపంచె పేలిక చుట్టేవాళ్లు, అన్నంలో సిరా పడకుండా. పేలిక కనపడితే బస్సులో లేచి చోటు ఇచ్చేవాళ్లు. పుత్తూరు డాక్టరు కూడా నాడి పట్టకముందు వేలు చూసేవాడు.

డెబ్బై ఎనిమిదిలో ఎమ్మెల్యే ఓట్లు వచ్చాయి. జాబితాలో మునిలక్ష్మి పేరు లేదు. ఎట్ల పోయిందో ఆమె ఎవరినీ అడగలేదు. కానీ ఓటు వేయడం ఆమెకు ఇష్టం. ఓటు వేసే ఆ తడిక వెనక ఒక్కతే నిలబడి, ఎవరూ చూడకుండా, తన మనసులోని మాట చెప్పి వచ్చేది. అట్లాంటి చోటు ఆమెకు ఇంకొకటి లేదు.

ఓట్ల రోజు పొద్దుననే ఆమె తోడికోడలు నాగరత్నమ్మ ఆవు ఈనబోతూ ఉంది. నాగరత్నమ్మ చెంగయ్య పెద్దన్న భార్య. మొగుడు పోయి పదేండ్లు, పిల్లల్లేరు. అరవై ఎనిమిదేండ్ల మనిషి. ఇద్దరిదీ ఒకే పెరడు, రెండు పొయ్యిలు. ఆమె నోటికి వీధంతా జడిసేది.

"ఆవును ఇడిసిపెట్టి నేను యాడికీ రాను," అంది, పార్టీ తరపున పిలవడానికి వచ్చిన మునివెంకటప్పతో. "నా ఓటు ఈమె ఏసొస్తాది. దీనికి ఓటు లేదు, నాకు తీరిక లేదు. సరిపాయ."

మునివెంకటప్ప మునిలక్ష్మి వైపు చూశాడు. "తలకాయ ఎత్తకుండా పోయి రామ్మా. పేరడిగితే నాగరత్నమ్మ అను. నీ మాదిరి మనిషిని దొంగ ఓటు అని ఎవురంటారు?"

ఆ ఊళ్లో అట్ల వేసేవాళ్లు ఆమె ఒక్కతే కాదు. కొంగు కప్పుకుని పోయి, "నాగరత్నమ్మ" అని గొణిగి, వేలు చాపి, ఓటు వేసి వచ్చింది. ఇంటికి వచ్చేసరికి దూడ పుట్టి ఉంది. ఆడదూడ, తెల్లటి నొసలు. తుడవబోతే ఆ నొసటి మీద నీలం గీత పడింది.

నాగరత్నమ్మ గీతను చూసింది, వేలిని చూసింది. లోపలికి పోయి, మొగుడి పాతపంచె చింపి తెచ్చి చుట్టింది. ఆమె చేతులు అంత మెత్తగా ఉంటాయని మునిలక్ష్మికి అప్పుడే తెలిసింది.

సాయంత్రం చెంగయ్య పేలిక చూశాడు. "నీళ్ల కడవ ఇంక నేను మోస్తాలే," అన్నాడు.

ఆ ఓట్లలోనే ఓబయ్య వేలు కూడా ఆరలేదు. మరుసటి రోజు నుంచే అతని రాజకీయం మారిపోయింది. ఎవరైనా గవర్మెంటును ఒక మాట అంటే ఒప్పుకునేవాడు కాదు.

"ఉండనీలేప్పా. పాపం, ఐదేండ్లు పాలించనీ. ఊరికే కూలదోస్తే దేశం ఏమయితాది?"

"దేశం ఏమయితే నీకేమిలే. నీ వేలు సంగతి చెప్పు," అనేవాడు చెంగయ్య. అందరూ నవ్వేవాళ్లు, ఓబయ్యతో సహా. తెర వెనక మునిలక్ష్మి మాత్రం నవ్వేది కాదు. ఆమె కూడా రేడియో వార్తలు చెవి పెట్టి వినేది. ఢిల్లీలో ఎవరు ఎవరితో అలిగారు, ఎవరు ఎవరికి మద్దతు తీసేశారు అన్నది ఆమెకు ఇప్పుడు పక్కింటి గొడవకంటే దగ్గర. గవర్మెంటు నిలిస్తే తను నిలుస్తుంది.

డెబ్బై తొమ్మిది ఎండాకాలం పోయాక ఢిల్లీలో గవర్మెంటు పడిపోయింది. రేడియో ఆ మాట చెప్పినప్పుడు ఓబయ్య గ్లాసు కింద పెట్టాడు. సగం టీ అట్లే ఉంది. "పోయొస్తానప్పా," అని అందరికీ చెప్పి, దోవలో గడ్డం గీయించుకుని ఇంటికి పోయాడు. మళ్లీ అంగటికి రాలేదు. కార్తీకంలో పోయాడు.

గవర్మెంటు పడిన నెలలోనే సుబ్రమణ్యస్వామి పండగ, ఆడికృత్తిక, వచ్చింది. తమ్ముడు వచ్చి పిలిస్తే నాగరత్నమ్మ కార్వేటినగరం పుట్టింటికి పోయింది. ఏడాదిన్నరగా ఆవునూ దూడనూ విడిచి ఆమె ఊరు దాటింది లేదు. బస్సు మలుపు తిరిగిన కాసేపటికి మునిలక్ష్మి పేలిక మార్చబోయింది. వేలు ఎండిపోయి ఉంది. గోరు మీద సిరా పాత కాటుక మాదిరి పొడిగా ఉంది. గీకితే రాలింది.

ఎవరికీ చెప్పలేదు. నాలుగు రోజులు వేలు అట్లే ఉంది. ఐదో రోజు మధ్యాన్నం గ్లాసులు కడుగుతుంటే గోరు కింద చల్లగా అనిపించింది. నీళ్లలోకి నీలం తీగ మాదిరి దిగింది. ఆమె లేచి తెర పక్కనుంచి చూసింది. రోడ్డు మీద ఏమీ లేదు. గ్లాసులన్నీ కడగడం అయ్యాక పుత్తూరు బస్సు వచ్చింది. నాగరత్నమ్మ దిగింది.

ఆ సిరా తన వేలిది కాదు, చెప్పిన పేరుది.

దిగేటప్పుడు నాగరత్నమ్మ కాళ్లను మునిలక్ష్మి చూసింది. మెట్టెలు కనపడనంత వాచి ఉన్నాయి. రెండు అడుగులకు ఒకసారి నిలబడి గాలి పీల్చుకుంటూ ఉంది.

"అక్కా, డాక్టరుకు చూపించుకుందామా?"

"నాకేంమే. ఈ ఇంట్లో ఆరనిది నీ వేలు. నువ్వు బాగా తిను. నేను నిన్ను సాగనంపి మళ్లా పదేండ్లు ఉంటా," అంది నాగరత్నమ్మ, మంచం మీద కూలబడుతూ. అని మొగం పక్కకు తిప్పుకుంది.

డాక్టరు దగ్గరికి చెంగయ్య బలవంతంగా తీసుకుపోయాడు. గుండె పెద్దదయింది అన్నాడు డాక్టరు, మాత్రలు రాసిచ్చాడు. వేలు మాత్రం చూసి, ఆరిన వేలే కదా అని ధైర్యం చెప్పి పంపాడు. జనవరిలో ఓట్లు అని రేడియో చెప్పింది. మునిలక్ష్మి వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది.

ఓట్ల జాబితా సరిచేయడానికి బాలసుబ్రమణ్యం అయ్యోరు వచ్చాడు. సత్యవేడు నుంచి కొత్తగా మారి వచ్చిన బడిపంతులు. చెంగయ్య అంగట్లో ఉన్నాడు. అయ్యోరు అరుగు మీద కూర్చుని కాగితాలు విప్పాడు.

"చెంగయ్య, ఉన్నాడు. మునిలక్ష్మి, పేరు లేదే. రాస్తున్నాను. నాగరత్నమ్మ?"

మునిలక్ష్మి గడపకు ఆనుకుని నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక కొత్త మగమనిషితో ఆమె పూర్తిగా ఒక మాట మాట్లాడింది లేదు.

"లేదు సామీ."

"లేదంటే? ఊరికి పోయిందా?"

"చచ్చిపోయింది."

పెరట్లో నుంచి గొంతు వినిపించింది. "ఓసి నీ దూడబుద్ధి కాల్చ, తాడు నములుతావేమే." ఆ వెంటనే దగ్గు.

అయ్యోరు తల ఎత్తాడు. "ఎవరామె?"

"చుట్టాలామె సామీ. చూసిపోదామని వచ్చింది."

అయ్యోరు ఎర్రసిరా కలం తీశాడు. పేరు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి గీత కొట్టాడు. కొంగు కింద మునిలక్ష్మి వేలు చురుక్కుమంది. అతను పోయాక పేలిక విప్పింది. నీలం పొరంతా ఎండిన ఆకు మాదిరి ఊడి కిందపడింది. లోపల గోరు తెల్లగా ఉంది.

ఆ సాయంత్రం నాగరత్నమ్మ రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి అడిగి తినింది. మూడో రోజుకు కాళ్ల వాపు దిగింది. మునిలక్ష్మి వేలు ఆరిందని విని వీధిలోవాళ్లు మంచిదే అన్నారు. ఇంకేమీ అడగలేదు. దూడ నొసటి మీద గీత మాత్రం పోలేదు.

జనవరిలో నాగరత్నమ్మ ఓటుకు పోయింది. గుమాస్తా జాబితా తిప్పి చూశాడు.

"నువ్వు చచ్చిపోయినావమ్మా."

"నేనా? ఎప్పుడు నాయనా? నాకు చెప్పనేలేదే."

వరసలో అందరూ నవ్వారు. ఆమె తిట్టిన తిట్లు బడి బయటిదాకా వినిపించాయి. వేలికి సిరా పెట్టించుకోకుండానే తిరిగి వచ్చింది. మునిలక్ష్మి తన సొంత పేరుతో ఓటు వేసింది. ఇల్లు చేరేలోపల వేలు ఆరింది.

ఆ తర్వాత నాగరత్నమ్మను సావు మరిచిపోయింది. ఎనబై మూడు ఓట్లలో చెంగయ్య వేలు ఆరలేదు, మరుసటి ఏడు పోయాడు. మునివెంకటప్ప పోయాడు. కార్వేటినగరం తమ్ముడు పోయాడు. నాగరత్నమ్మ గుమ్మంలో కూర్చుని అందరినీ సాగనంపింది. పెద్దల అమావాస్యకు ఇంటిమీద పిండం పెడితే కాకులు దాన్ని ముట్టుకునేవి కావు. దిగి వచ్చి ఆమె చుట్టూ వరసగా కూర్చునేవి.

ఎనబై ఆరులో పెరట్లో జారిపడి తుంటి విరిగింది. పుత్తూరు కట్టు కట్టారు, అతకలేదు. మంచాన పడింది. వీపంతా పుండ్లు పడ్డాయి. జ్వరం వచ్చి రెండుసార్లు నోరు పడిపోయింది. రెండుసార్లూ కింద పడుకోబెట్టి తులసినీళ్లు పోశారు, చుట్టాలు పూలమాలలతో వచ్చారు. రెండుసార్లూ తెల్లారి కళ్లు తెరిచింది. మాలలు ఆవుకు వేశారు.

"ఏమే, నన్ను ఎందుకు పిలవలేదంటావు?" అని అడిగేది. "అందరూ పోతాండారు. నేనేం పాపం చేసినా?"

మునిలక్ష్మి వంచిన తల ఎత్తకుండా పుండ్లు తుడిచేది. ఎనబై ఐదు ఓట్లలో ఆమె వేలు ఆరలేదు. ఈసారి పేరూ తనదే, వేలూ తనదే. పేలిక చుట్టినది మళ్లీ నాగరత్నమ్మే. అప్పటికి ఆమె చేతులు బాగుండేవి. ఈసారి గవర్మెంటు, పాపం, పడిపోకుండా నిండుగా నడిచింది. ఇప్పుడు ఎనబై తొమ్మిది. ఓట్లు దగ్గరపడ్డాయి. తను పోతే ఆ ఎర్రగీత సంగతి తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు. అక్క ఆ మంచం మీద ఎంతకాలం పడి ఉంటుందో.

ఆ ఏడు జాబితాతో వచ్చింది దేవకమ్మ టీచరు. మునిలక్ష్మి ఆమెను అరుగు మీద కూర్చోనివ్వలేదు. నేరుగా మంచం దగ్గరికి తీసుకుపోయింది.

"ఈమె పేరు రాసుకో తల్లీ. నాగరత్నమ్మ. పదేండ్ల కిందట నేనే చచ్చిపోయిందని అబద్ధం చెప్పి కొట్టేయించినా."

టీచరు మంచం వైపు చూసింది, పేలిక వైపు చూసింది. పేరు రాసుకుని పోయింది.

నాగరత్నమ్మ మంచం మీద నుంచే మెడ తిప్పింది.

"అయితే పదేండ్లుగా నన్ను చంపి పెట్టుకున్నది నువ్వేనా మే."

"అవునక్కా. ఆ పొద్దు ఆరని సిరా నీది. నేను మోసినా."

"ఆ గుమాస్తాను ఎన్ని తిట్లు తిట్టినానే. పాపం, పిల్లోడు." నవ్వబోయింది, ఊపిరి చాల్లేదు. "సరే. ఆ పేలిక ఇప్పు."

మునిలక్ష్మి విప్పింది. వేలు నీలంగా, తడిగా ఉంది. నాగరత్నమ్మ ఆ చేతిని పట్టుకుని, తన ఎడమచేతి చూపుడువేలిని దానికి ఆనించి, గోరును గోరుతో రుద్దింది. మునిలక్ష్మి చెయ్యి లాక్కోబోయింది. మూడేండ్లుగా నీళ్ల గ్లాసు ఎత్తలేని చెయ్యి, వదల్లేదు.

"నాది నువ్వు ఏడాదిన్నర మోసినావు. నీది నేను నాలుగు దినాలు మోస్తే ఏమయితాది? ఊరకుండు."

వదిలేసరికి మునిలక్ష్మి వేలు కడిగిన గ్లాసు మాదిరి ఉంది. నాగరత్నమ్మ గోరు మీద నీలం చుక్క మెరుస్తూ ఉంది. పేలిక ఆమె వేలికి చుట్టమంది. మునిలక్ష్మి చుట్టింది.

దసరా దాటిన నాలుగో రోజు పొద్దున, ఆవుకు గడ్డి వేసినావా అని అడిగి, వేసినానక్కా అన్నాక, నాగరత్నమ్మ పోయింది. ఆ దూడే పెద్దదయిన ఆవు ఒకసారి అరిచింది. మునిలక్ష్మి పోయి చూస్తే పదకొండేండ్లుగా దాని నొసటి మీద ఉన్న గీత లేదు.

నవంబరులో మునిలక్ష్మి ఓటుకు పోయింది. గుమాస్తా పేరు అడిగాడు. గొణక్కుండా చెప్పింది. వేలు చాపింది. ఓటు వేసి ఎండలో నడిచి వచ్చింది, వేలును ఒక్కసారి కూడా చూసుకోకుండా. ఇల్లు చేరి నేరుగా పెరట్లోకి పోయింది. ఆవు తల వంచింది. దాని తెల్లటి నొసటికి వేలు ఆనించి, మెల్లగా కిందికి లాగింది.

గీత పడలేదు.