చాంబర్ కింద మంట

చిన్న మంగళారం అనే ఊళ్ళో జనార్దన్ ఫాంహౌస్‌కు ఆదివారం పొద్దున్నే చేరేవాళ్ళందరికీ పాత లారీల పిచ్చి. సొంత బిడ్డ ఏ క్లాసు చదువుతుందో కాసేపు ఆలోచించి చెప్పాలి గానీ, రెండో ప్రపంచయుద్ధంలో ఏ లారీకి ఎన్ని గేర్లో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. చాయ్, బిస్కెట్ల మధ్య వాళ్ళ యుద్ధం పదకొండింటి దాకా సాగుతుంది. అక్కడున్న నాలుగు పాత లారీలనూ కదిలేలా ఉంచేది మాత్రం బాల్‌రాజ్. అతనికి మొయినాబాద్ రోడ్డు మీద చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. ఆదివారం ఇక్కడికొచ్చి, వాళ్ళు మాట్లాడుకుంటూ ఉంటే తను బండి కింద పడుకుని పని చేసుకుంటాడు. బండి కింద ఉన్న మనిషికి కూడా చెవులుంటాయని వాళ్ళకు తట్టదు.

ఆ చలికాలం వాళ్ళకు రష్యా పూనింది. మైనస్ ముప్పైలో లారీలు ఎలా నడిపారు, మంచులో చక్రాలకు గొలుసులు ఎలా కట్టారు, బ్యాటరీలు ఎలా చచ్చాయి, ఎప్పుడు చూసినా ఇదే గోల. గచ్చిబౌలి నుంచి వచ్చే రంజిత్ ఫోన్లో నలుపు తెలుపు వీడియోలు చూపించి మురిసిపోయేవాడు.

"ఏం లైఫ్ అన్నా అది! అసలైన డ్రైవింగ్ అంటే అది" అనేవాడు. పదమూడు డిగ్రీల చలికే మంకీ క్యాప్ పెట్టుకుని వచ్చిన మనిషి.

ఆ మాట విన్నప్పుడల్లా బాల్‌రాజ్ బండి కింద చేస్తున్న పని ఆపేసేవాడు. అతని చెల్లెలు అఖిల మొగుడు మహేష్ నిజంగానే అక్కడ ఉన్నాడు. ఇక్కడున్నప్పుడు చందనవెల్లిలో కంటైనర్ బండి నడిపేవాడు. రష్యాలో గోదాము డ్రైవర్ పని అని చెప్పి ఒక ఏజెంటు తీసుకుపోయాడు. దిగిన వారానికే చదవరాని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, సైన్యం బట్టలు తొడిగారు, యుద్ధం జరిగే చోటికి సామాను మోసే లారీ చేతికిచ్చారు. అఖిల అత్తగారి ఊరు సురంగల్‌లో అందరి లెక్కలో మాత్రం మహేష్ ఇంకా గోదాములోనే ఉన్నాడు. అఖిల అన్నతో ఒట్టు వేయించుకుంది.

"ఎవ్వలకు చెప్పకన్నా. ఏజెంటు మాటిని మోసపోయిర్రని నలుగురు నవ్వుతరు. మా అత్తకు తెలిస్తే మంచం పడుతది."

డిసెంబరు మొదట్లో మహేష్ నుంచి బాల్‌రాజ్‌కు వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతు గుర్తుపట్టేలా లేదు.

"బావా, పొద్దుగాల బండి స్టార్ట్ అయితలేదు. ఆయిల్ బెల్లం పాకం లెక్క గట్టిపడుతున్నది. ఇప్పటికే రెండు దినాలు లేటైంది. బండి నడవకుంటే తుపాకి పట్టుకొని ముందటికి నడువుమంటున్నరు. ముందటికి పోయినోళ్ళు ఒక్కలు మళ్ళొస్తలేరు బావా. నువ్వు మెకానిక్‌వి గద, ఏమన్న ఉపాయం చెప్పు."

బాల్‌రాజ్ ఇరవై ఏళ్ళుగా ఇంజిన్లు విప్పి బిగిస్తున్నాడు. వేడెక్కి మొరాయించిన ఇంజిన్లు ఎన్నో చూశాడు, చలికి గడ్డకట్టినదాన్ని మాత్రం ఒక్కటీ చూసిన పాపాన పోలేదు. తను ఎరిగినంతలో ఆ సంగతి తెలిసినవాడు జనార్దన్ ఒక్కడే. యుద్ధకాలపు లారీల మీద ఇంగ్లీషు పుస్తకాలు అతని బీరువా నిండా ఉన్నాయి.

జనార్దన్ చెడ్డవాడు కాదు. భూములున్న ఇంటి మనిషి అయినా పనివాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చాయ్ ఇచ్చే రకం. ఉన్నదున్నట్టు చెప్పి అడిగితే సరిపోయేది. ఆ ఆదివారం ఫాంహౌస్ గేటు దాటేదాకా బాల్‌రాజ్ అలాగే అనుకున్నాడు కూడా. తీరా లోపల రంజిత్ ఉన్నాడు, ఇంకో ఇద్దరు ఉన్నారు. చెల్లెలికి వేసిన ఒట్టు ఉంది. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

"సార్, మన షెవర్లే లారీ పొద్దుగాల చలికి జర సతాయిస్తున్నది. మీరు రష్యా ముచ్చట్లు చెప్తుంటరు గద, ఆడ గంత చలిల ఎట్ల స్టార్ట్ చేస్తుండిరి?"

జనార్దన్ ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్ళలో బాల్‌రాజ్ అతన్ని ఒక్క ప్రశ్న అడిగి ఎరగడు.

"అడగక అడగక మంచి మాట అడిగినవ్ బాల్‌రాజ్. కూసో. ఒక రేకు డబ్బ తీసుకొని సగందాక ఇసుక నింపు. డీజిల్ పోసి అంటువెట్టు. ఇంజిన్ కింద ఆయిల్ ఉండే చాంబర్ ఉన్నది సూడు, దానికి జానెడు కిందికి పెట్టి ఇరవై నిమిషాలు ఊకె ఉండు. ఆయిల్ పల్చగైతది. ఒక్క సెల్ఫ్‌కు అందుకుంటది."

బాల్‌రాజ్ అక్కడే లారీల షెడ్డు వెనక్కి పోయి, విన్నదంతా పొల్లుపోకుండా మహేష్‌కు వాయిస్ మెసేజ్‌లో చెప్పాడు. మూడో రోజు జవాబు వచ్చింది.

"బావా, ఒక్క సెల్ఫ్‌కే లేసింది! నీ కాళ్ళు మొక్కుత. నా పక్కబండి మీద నిఖిల్ అని నిజామాబాద్ పిల్లగాడు ఉంటడు, వాని బండికి గూడ నేనే పెట్టిన."

అఖిల ఆ మెసేజ్‌ను తన ఫోన్లో వేయించుకుని పదిసార్లు విన్నది. అన్నను పిలిచి కోడికూర వండి పెట్టింది. "నీవల్లనే బతికిండన్నా" అని కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత రోజూ పొద్దున మహేష్ నుంచి రెండే మాటలు వచ్చేవి, "బండి లేసింది" అని. ఆ రెండు మాటలు వచ్చేదాకా బాల్‌రాజ్ షెడ్డులో పానా పట్టేవాడు కాదు. అక్కడ సురంగల్‌లో అఖిల పొయ్యి ముట్టించేది కాదు.

ఆ తర్వాత మూడో ఆదివారం రంజిత్ కెమెరా తెచ్చాడు. రష్యా పద్ధతిలో లారీ స్టార్ట్ చేసే వీడియో తీయాలట. ఎవరో సంపాదించిన ఇనుప టోపీ ఒకటి నెత్తిన పెట్టుకున్నాడు. డబ్బాలో ఇసుక నింపి, డీజిల్ పోసి, అగ్గిపుల్ల గీసింది బాల్‌రాజే. నల్లటి పొగ లేచి మామిడిచెట్ల మీదుగా పోయింది. ఆ పూట మెసేజ్ ఇంకా రాలేదని మధ్యమధ్య ఫోను తీసి చూసుకుంటున్నాడు.

"అన్నా, నిజంగ లడాయిల ఉన్నట్టె ఉన్నది కదా?" అన్నాడు రంజిత్.

జనార్దన్ నవ్వాడు. "లడాయిల గిట్ల మంట పెడితే నీ పని అయిపోయినట్టె. పొగ, వెలుగు పైన విమానాలకు కనపడుతది. గిది ఎనక, దూరంగ ఉండెటోళ్ళు చేసే పని. ముందటి లైన్లున్న డ్రైవర్లు మంట మాటే ఎత్తకపోదురు. పొద్దూకి బండి ఆపంగనె వేడి వేడి ఆయిల్ డబ్బలకు దించుకొని, పండుకునే కాడ పొయ్యి పక్కన పెట్టుకుందురు. పొద్దుగాల మళ్ళ పోసుకుందురు."

బాల్‌రాజ్ డబ్బా ముందు నుంచి లేచాడు.

"మరి ఆనాడు గీ ముచ్చట చెప్పకపోతిరి సార్?"

"నువ్వు అడిగింది మన షెవర్లే గురించి గద. చిన్న మంగళారంల మన మీద బాంబు లేసెటోడు ఎవడయ్యా?"

అందరూ నవ్వారు. బాల్‌రాజ్ అగ్గిపెట్టె అక్కడే పడేసి గేటు బయటికి పరుగెత్తాడు. "మహేష్, మంట పెట్టకు. ఇంక పెట్టకు. రాత్రి ఆయిల్ దించి లోపట పెట్టుకో. మంట వద్దు బిడ్డా" అని చెప్పి పంపాడు. ఫోన్లో ఒక్క టిక్కు పడి ఆగిపోయింది.

తొమ్మిది రోజులు అది ఒక్క టిక్కుగానే ఉంది. ఆడ నెట్‌వర్క్ ఉండదు అని అఖిలకు చెప్పాడు, తనకూ చెప్పుకున్నాడు. పదో రోజు మధ్యాహ్నం ట్రాక్టరు కింద ఉండగా రెండో టిక్కు పడింది. ఆ వెంటనే మహేష్ నంబరు నుంచే ఫోను మోగింది. బాల్‌రాజ్ ఆత్రంగా లేవబోయి ఇరుసుకు తల కొట్టుకున్నాడు.

"మహేష్!"

"అన్నా, నేను నిఖిల్‌ను" అంది అవతలి గొంతు. "మహేషన్న ఫోన్ ఇయ్యాల్నే నా చేతికొచ్చింది. చార్జింగ్ పెట్టంగనె నీ మెసేజ్ వచ్చింది. విన్న. నువ్వు మెసేజ్ పెట్టిన ఆదివారం పొద్దుగాలనే అయిపోయిందన్నా. తన బండి కింద మంట పెట్టి నా బండికి గూడ పెడత అన్నడు. నేను డబ్బ తెద్దామని పోయిన. పైన డ్రోన్ సప్పుడైంది. ఉరుకన్నా అని ఒర్లిన. ఉరుకలే. మట్టి పోసి మంట ఆర్పనీకి సూసిండు. బండి కాలితే ముందటికి తోలుతరని భయం గద అన్నా మా అందరికి."

తను ఆ మెసేజ్ పంపేసరికే అంతా అయిపోయిందన్నమాట. బాల్‌రాజ్ ఆ ట్రాక్టరు పక్కనే నూనె మరకల మీద కూలబడి, పెద్దగా ఏడ్చాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు.

సురంగల్‌లో అఖిల అతని ముఖం చూడగానే చేతిలో చాట వదిలేసి వాకిట్లో కూర్చుంది. అతను జనార్దన్ సారు దగ్గర నేర్చుకున్న మంట సంగతి, డ్రోన్ సంగతి, నిఖిల్ చెప్పిందంతా చెప్పాడు. ఇన్నాళ్ళు దాచిన కబురు గంటలో ఊరంతా పాకింది. జనం వాకిట్లో నిండారు. ముసలి అత్తను నలుగురు ఆడవాళ్ళు పట్టుకున్నారు. ఏజెంటును అందరూ తిట్టారు. ఒక్కరు కూడా నవ్వలేదు.

పొద్దు గూకేవేళకు జనం పలచబడ్డారు. అఖిల గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది.

"అన్నా, మంట పెడితే పైకి కనపడుతదని ఆ సారుకు తెల్వదా?"

బాల్‌రాజ్ చెల్లెలి ముఖంలోకి చూశాడు. తెలుసు అంటే, మరి ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. నువ్వు ఉన్నదున్నట్టు చెప్పి ఎందుకు అడగలేదని అడుగుతుంది. దానికి ఉన్న జవాబు ఒక్కటే, అది ఎవ్వరికీ చెప్పనని ఈ వాకిట్లోనే ఆమెకు తను వేసిన ఒట్టు.

"తెల్వదట" అన్నాడు.

"గంత సదువుకున్నోనికి గూడ తెల్వకపాయె" అంది అఖిల.

బాల్‌రాజ్ ఆమె తల మీద చెయ్యి పెట్టి, అవునన్నట్టు తల ఊపాడు.