వీధిలో నిద్రపోయిన ఫిట్టరు

నీటి సరఫరా ఆఫీసు ఇంజనీరును పై అధికారులు పది రోజుల శిక్షణకు పంపారు. పాఠాలన్నీ ఆయన కునికిపాట్లలోనే గడిచిపోయాయి. చివరి రోజు మాత్రం నిద్ర ఎగిరిపోయింది. నేల కింద పైపు ఎక్కడ కారుతోందో కనిపెట్టే పద్ధతి ఇదీ అంటూ శిక్షకుడు ఒక ఇనుప కడ్డీని నేలకు గుచ్చి, పై కొసకు చెవి ఆనించాడు.

ఇంజనీరుకు తమ ఊరి వీధి గుర్తొచ్చింది. ఏడాది కిందట తమ ముసలి ఫిట్టరు నడివీధిలో అచ్చం అలాగే కడ్డీకి చెవి ఆనించి ఒరిగి ఉంటే, పనివేళల్లో నిద్రపోతున్నాడని మెమో ఇచ్చింది తనే. "వింటున్నాను సార్" అని అతను చెప్పబోతే, "నేల నీతో కబుర్లాడుతోందా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వితే మురిసిపోయాడు కూడా.

తిరిగొచ్చాక, నేర్చుకున్నది సిబ్బందికి నేర్పమని ఉత్తర్వు వచ్చింది. ఫిట్టరు ముందు బెంచీలో కూర్చుని బుద్ధిగా రాసుకుంటున్నాడు. కడ్డీ మాట ఎత్తగానే వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మీటర్లు చూసే ఆవిడ లేచి అడిగింది.

"బళ్ళు తిరిగే రోడ్డులో నీటి చప్పుడు ఎలా పోల్చుకోవాలి సార్?"

శిక్షణలో చప్పుళ్ళ పాఠం జరిగిన పూట ఆయన గుర్రు పెట్టాడు. చేతిలోని కాగితాలు తిరగేయసాగాడు.

"సార్ ఇందాకే చెప్పారుగా అమ్మా," అన్నాడు ఫిట్టరు. "బండి మోత వచ్చిపోతుంది. నీటిది ఆగదు."

సార్ చెప్పనేలేదు. ఆయన తల పైకి లేవలేదు.

ఇంట్లో భార్య ఆయన ముఖం చూసి ఏమైందని అడిగింది.

"నేను పరువు తీసినవాడే ఇవాళ నా పరువు కాపాడాడు."

"మరి ఆయనది మీరెప్పుడు కాపాడతారు?"

మర్నాడు మెమో రద్దు చెయ్యమంటే హెడ్ క్లర్కు కారణం కావాలన్నాడు. ఇంజనీరు కాగితం లాక్కుని, "అతను చేసింది పనే. అది పని అని నాకు తెలియలేదు" అని తన చేత్తోనే రాసి సంతకం పెట్టాడు.

ఆ కాగితాన్ని ఫిట్టరు రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నిజంగానే నిద్రపోయావా నాన్నా అని మా అమ్మాయి అడిగింది సార్, అప్పట్లో."

ఇంజనీరు క్షమాపణ చెప్పుకోవాలనుకున్నాడు. "వచ్చే పాఠం మీరు చెప్పండి," అని మాత్రం అనగలిగాడు. అతన్ని మీరు అనడం అదే మొదటిసారి.

ఆ పాఠం ఫిట్టరే చెప్పాడు. ఇంజనీరు వెనక బెంచీలో కూర్చుని ప్రతి మాటా రాసుకున్నాడు. తలెత్తి చూడ్డానికి మాత్రం మొహం చెల్లలేదు.