మూడు నెలల గడువు

పాప గుండెలోని రంధ్రం దానంతటదే పూడుతుందో, ఆపరేషన్ చేయాలో ఈ రోజు స్కాన్‌లో తేలుతుందన్నారు. పాప కదలకుండా ఉండాలని నా వేలు నోటికిచ్చి, మంచం మీదికి వంగి నిలబడ్డాను. నడుము లాగేస్తోంది.

“ఎలా ఉందక్కా?” అన్నాను స్కాన్ చేసే ఆవిడతో.

“నేను చెప్పకూడదు తల్లీ. నా మొహంలోనూ వెతక్కు, ఈ మొహం పుట్టినప్పటినుంచీ ఇంతే!”

డాక్టరమ్మ వచ్చి తెర చూసి, “ఇప్పుడే చెప్పలేం. మూడు నెలలాగి మళ్లీ చూద్దాం” అంది.

“అందాకా పాపని ఏడవనివ్వచ్చాండీ?”

“పసిపిల్ల ఏడవకుండా ఉంటుందా? పెదాలు నీలంగా మారితే మాత్రం వెంటనే తీసుకురా.”

వరండా దాటకముందే పాప గుక్కపట్టింది.

“భుజాన వేసుకుని ఊరుకోబెట్టవే, అలా చూస్తావేం?” అని మాతో వచ్చిన మా అత్త కసిరింది.

భుజాన వేసుకుంటే పాప పెదాలు నాకు కనబడవు.