గెజిటెడ్ కుక్క

పొద్దున ఆరున్నర అయ్యేసరికి నాచారం సైంటిస్టుల కాలనీలో జనార్ధనరావు గేటు ముందు నలుగురైదుగురు కాగితాలు పట్టుకుని నిలబడి ఉండేవాళ్ళు. ఒకరి చేతిలో మార్కుల లిస్టు నకలు, ఇంకొకరి చేతిలో కుల ధ్రువపత్రం నకలు. ఆయన గెజిటెడ్ ఆఫీసరు. ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి గుండ్రటి స్టాంపు వేశాడంటే నకలు అసలుతో సమానం. వెయ్యకపోతే ఆ దరఖాస్తు అక్కడితో సరి. అందుకని ఎంత చలిలోనైనా వాళ్ళు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. ఆయన మాత్రం వాళ్ళకేసి చూడకుండా తెల్ల నిక్కరు, కాన్వాసు బూట్లు తొడుక్కుని సీజర్‌తో షికారుకి బయల్దేరేవాడు. మనుషులు ఆగుతారు, సీజర్ కడుపు ఆగదు కదా.

సీజర్ నల్లటి డాబర్‌మన్. దానితో ఆయన ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు. భార్య అనంతలక్ష్మితో తెలుగు, పనివాళ్ళతో కేకలు, కుక్కతో ఇంగ్లీషు. ‘కమాన్ సీజర్, గుడ్ బాయ్’ అంటూ తన ప్రహరీ దాటించి, పక్కవాళ్ళ గేటు దగ్గరికి రాగానే గొలుసు వదులు చేసేవాడు. ఎవరో అప్పుడే వాకిలి చల్లి వేసుకున్న ముగ్గు మధ్యలో సీజర్ నడుం వంచి కూర్చునేది. ఆ కాసేపూ ఆయన ఆకాశంలో మబ్బులేవో పరిశీలిస్తున్నట్టు మొహం పైకెత్తి నిలబడేవాడు. కుక్క పని అయిపోగానే మబ్బుల పని కూడా అయిపోయేది.

తన ఇల్లు ఫినాయిలుతో కడిగించుకుని, ఊళ్ళోవాళ్ళ గుమ్మాలన్నిటినీ దొడ్డి కింద వాడుకునే మనిషిని ఏమనాలో కాలనీలో అందరికీ తెలుసు. కానీ ఎవరూ అనేవాళ్ళు కాదు. సంతకాలు అవసరం లేని ఇల్లు ఆ కాలనీలో ఒక్కటీ లేదు మరి.

ఆ కాలనీలో ఒక పద్ధతి ఉంది. పెంపుడు కుక్క వేసిన పెంట ఆ కుక్క ఎవరిదో వాళ్ళ చేతికే లేస్తుంది. ఇంకెవరు పట్టినా లేవదు. ఎండకి ఎండదు, వానకి కరగదు, పారతో తవ్వితే పార వంగుతుంది. అదే సొంతదారు వచ్చి పాత పేపరు ముక్కతో తీస్తే పువ్వులా వచ్చేస్తుంది. దిక్కులేని వీధి కుక్కలదైతే ఎవరికైనా లేస్తుంది. కాలనీ కట్టినప్పటి నుంచీ అంతే. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, పెంట సొంతదారుకే లేస్తుంది. దాని గురించి ఎవరూ ప్రత్యేకంగా మాట్లాడుకునేవాళ్ళు కాదు.

అందుకే వీధి ఊడ్చే సత్తమ్మకి ఈ విషయంలో ఎవరితోనూ తగాదా ఉండేది కాదు. ఆమె పీర్జాదిగూడ నుంచి తెల్లారకముందే నడిచి వచ్చేది. పెంట కనబడితే కింద రేకు పెట్టి చూసేది. లేస్తే తట్టలో వేసుకునేది. లేవకపోతే చుట్టూ సున్నంతో ఒక గీత గీసి ముందుకు సాగేది. ఆ గీత చూసి కుక్కలవాళ్ళు వచ్చి తీసుకునేవాళ్ళు. రైల్వే ఇంజినీరు చిదంబరం అయితే తువ్వాలు భుజాన వేసుకుని, పాలకి వెళ్తున్నట్టు నటిస్తూ వచ్చి, తన పొమేరియన్ వేసింది తీసుకుపోయేవాడు. ఆయనకి కాజీపేట బదిలీ అయినప్పుడు ఆ పొమేరియన్‌ని స్కూలు టీచరు సూర్యకళకి ఇచ్చాడు. నలుగురి ముందూ “ఇక ఇది నాది కాదమ్మా, మీదే” అన్నాడు. ఆ మాట అన్న క్షణం నుంచి అది వేసిందంతా, పాతదానితో సహా, సూర్యకళ చేతికే లేచింది. కుక్కతో పాటు దాని పెంట కూడా చేతులు మారుతుందని అప్పుడు అందరికీ రూఢి అయింది.

జనార్ధనరావు మాత్రం సీజర్ వచ్చిన మూడేళ్ళలో ఒక్కసారి కూడా వంగలేదు. నడుం నొప్పేమీ లేదు. హోదా విరుగుతుందని భయం. సీజర్ పుణ్యమా అని వీధి నిండా సున్నపు గుండ్రాలయ్యాయి. ఆడపిల్లలు వాటి మధ్య తొక్కుడుబిళ్ళ ఆడుకునేవాళ్ళు. స్కూటర్లు వంకర్లు తిరుగుతూ పోయేవి. కాలనీ సంఘం సమావేశంలో ఒకరెవరో ధైర్యం చేసి ఆ మాట ఎత్తితే, సంఘానికి అధ్యక్షుడు కూడా తనే అయిన జనార్ధనరావు అక్కడికక్కడే ఒక సాంకేతిక కమిటీ వేశాడు. ఆరుగురు డాక్టరేట్లు. జాకీలు పెట్టి లేపి చూశారు, స్ప్రింగు త్రాసులు కట్టి లాగి చూశారు, ఆర్నెల్లు కష్టపడి పదిహేడు పేజీల నివేదిక రాశారు. అందులో ఒక్క పేజీలోనూ కుక్క ఎవరిదన్న మాట లేదు. అంత చదువు చదివింది అలాంటి మాట రాయకుండా ఉండటానికే కాబోలు.

ఎనభై ఎనిమిదిలో, రోజుకూలీ మీద ఊడ్చేవాళ్ళని పర్మనెంటు చేస్తామని మునిసిపాలిటీ వాళ్ళు ఒక జాబితా తయారు చేశారు. సత్తమ్మ పేరు అందులో ఉంది. తొమ్మిదేళ్ళ చాకిరీ ఆమెది. ఇక ఆమె ఊడ్చే కాలనీ అధ్యక్షుడు పని బాగుందని ఒక కాగితం మీద సంతకం పెడితే చాలు. ఆమె భర్త చంద్రయ్య ఫ్యాక్టరీ దుమ్ములో ఊపిరితిత్తులు పాడుచేసుకుని మంచాన పడి ఉన్నాడు. ఆమె పర్మనెంటయితే ఇంట్లో వాళ్ళకి దవాఖానా కార్డు వస్తుంది, మందులు వస్తాయి. కాకపోతే వచ్చే చలికాలం చంద్రయ్య దాటడు. ఈ సంగతి సత్తమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు, రోజూ అతని దగ్గు వింటూనే ఉంది.

ఒకరోజు పొద్దున ఆమె కూడా కాగితాలవాళ్ళ వెనక వెళ్ళి నిలబడింది.

“ఏంటి సత్తమ్మా, నీకూ సంతకం కావాలా?” అన్నాడు జనార్ధనరావు, గొలుసు చేతికి చుట్టుకుంటూ.

“అవు సారూ. జర దయ జూడున్రి. పని మంచిగ జేస్తదని ఒక్క ముక్క రాసియ్యున్రి.”

“మంచిగానా? ఈ నెలాఖరుకి మన పార్కు ప్రారంభించడానికి కమిషనర్ గారు వస్తున్నారు. వీధి ఎలా ఉందో చూడు. అడుగు తీసి అడుగు వేసే చోటుందా? ముందు ఈ నూసెన్సంతా తియ్యి, తర్వాత సంతకం.”

“నాకు లేవయి సారూ. మీ కుక్కయి గద. మీరొక్కపారి వొంగి కాయితంతోని బట్టున్రి, అల్కగ లేస్తయి.”

గేటు ముందు ఎవరికో నవ్వు వచ్చి, దగ్గుగా మార్చుకున్నారు. ఆ దగ్గు జనార్ధనరావుకి వినబడింది.

“నా కుక్కవా? ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా? ఇవన్నీ వీధి కుక్కలవి. నీకు ఒళ్ళు వంగక గీతలు గీసి తప్పించుకుంటున్నావు. నీ సంగతి చూస్తానుండు.”

సత్తమ్మ చీపురు తీసుకుని పక్కకి జరిగింది. సీజర్ ఆమె కొంగు వాసన చూస్తూ కత్తిరించిన తోక ముక్కని ఊపుతోంది. రోజూ ఆయన ఆఫీసుకి వెళ్ళాక ఆమె గేటు సందులోంచి తన జొన్నరొట్టెలో సగం తుంచి దానికి పెట్టేది. పొద్దంతా కట్టేసి ఉండే ప్రాణి కదా అని జాలి. ఆయన దానికి పెట్టేవి డాక్టరు రాసిచ్చిన బిస్కెట్లు, ఒకటి ఎక్కువ కాకుండా ఒకటి తక్కువ కాకుండా.

ఆ మధ్యాహ్నమే ఆయన మునిసిపాలిటీకి ఫిర్యాదు రాసి పంపాడు. సత్తమ్మ అనే మనిషి వీధి కుక్కల మలాన్ని తీయకుండా నిర్లక్ష్యం చేస్తున్నదనీ, ఆమెను జాబితా నుంచే కాక పని నుంచి కూడా తొలగించాలనీ.

ఆదివారం పొద్దున శానిటరీ జవాను బిక్షపతి సైకిలు వేసుకుని విచారణకి వచ్చాడు. ఊడ్చేవాళ్ళందరి మీదా అజమాయిషీ అతనిదే. వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా ప్రతి గుండ్రంలోనూ రేకు పెట్టి చూశాడు. ప్రతిసారీ పుస్తకంలో ‘లేవలేదు’ అని రాసుకున్నాడు. జనం గేట్ల దగ్గరికి వచ్చి చూస్తున్నారు.

“సార్, ఇవి వీధి కుక్కలయి గావు. వీటికి సొంతదారు ఉన్నడు. ఫిర్యాదు నిలవడదు,” అన్నాడు.

“నేను చెబుతున్నాను కదయ్యా, అవి నా కుక్కవి కావని!”

“నోటిమాట నడువది సార్. కాయితం మీద ఉండాలె. ఆ కుక్క మీది గాదని రాసిస్తే ఇగ తప్పు సత్తమ్మదే అయితది. రేపే పనిలకెల్లి తీసేస్తం.”

సత్తమ్మ చీపురు కింద పెట్టి ముందుకొచ్చింది. “బిక్షపతన్నా, గట్లంటవేందే? మా ఇంటాయన పానం పోతది. నీకు ఎరుకలేదా?”

“నువ్వు జరసేపు ఊకో అక్కా,” అన్నాడు బిక్షపతి. అతని మొహం చూస్తే ఏ ఉద్దేశంతో అన్నాడో తెలియలేదు.

జనార్ధనరావు లోపలికి వెళ్ళి లెటర్‌హెడ్డు, ఆకుపచ్చ కలం, స్టాంపు తెచ్చుకుని అరుగు మీద కూర్చున్నాడు. అనంతలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది.

“ఏమండీ, అలా రాయకండి. సూర్యకళ గారి కుక్క సంగతి మర్చిపోయారా?”

“నువ్వు లోపలికి వెళ్ళి కాఫీ కలుపు.”

ఒక కూలిమనిషి పొట్ట కొట్టడానికి ఆయన ఎంత శ్రద్ధగా రాశాడో చూడాల్సింది. ఏ బీద విద్యార్థి కాగితాన్నీ ఆయన అంత శ్రద్ధగా చదివి ఎరగడు. ‘సీజర్ అనబడు నల్లని డాబర్‌మన్ కుక్కతో నాకెట్టి సంబంధమూ లేదనియు, అది నాది కాదనియు, నేనెన్నడూ దానిని పెంచి ఉండలేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.’ కింద ఆకుపచ్చ సంతకం. దాని పక్కన గుండ్రటి స్టాంపు. తన అబద్ధానికి తనే అటెస్టేషన్ చేసుకున్నాడు.

స్టాంపు చప్పుడుకి గేటు దగ్గర కట్టేసి ఉన్న సీజర్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. మెడ పట్టీలోంచి గొలుసు కొక్కెం దానంతట అదే ఊడి నేల మీద పడింది. సీజర్ లేచి ఒళ్ళు విదిలించుకుంది. నిదానంగా గేటు దాటి వెళ్ళి సత్తమ్మ పక్కన కూర్చుంది.

సత్తమ్మ దానికేసి చూసింది. తర్వాత రేకు తీసుకుని దగ్గరలో ఉన్న గుండ్రంలో పెట్టింది. ఎండుటాకులా లేచి తట్టలో పడింది. పక్కదీ లేచింది. ఆ పక్కదీ. ఆమె వీధి పొడుగునా వంగుతూ లేస్తూ పోతుంటే సీజర్ ఆమె వెంటే నడిచింది. గేట్ల దగ్గర నిలబడ్డవాళ్ళందరికీ సంగతి అర్థమైంది. ఒక్కరికి తప్ప.

“చూశారా! అందరూ చూశారా!” అని జనార్ధనరావు అరుగు మీంచి లేచి అరిచాడు. “ఇన్నాళ్ళూ లేవవని నాటకాలాడింది. ఇప్పుడెలా లేస్తున్నాయో చూడండి!”

బిక్షపతి ఇంకా తియ్యని ఒకదాని కింద తన రేకు పెట్టి చూసుకున్నాడు. అది లేవలేదు. పుస్తకంలో ‘సత్తమ్మకే లేచినవి’ అని రాసుకుని అరుగు దగ్గరికి వచ్చాడు.

“సార్, మీ దెబ్బకు గల్లీ అంత సాఫయింది. కమిషనర్ సారు వచ్చే యాల్లకు అద్దం లెక్క ఉంటది. మీరు పట్టించుకోబట్టే అయిందని పైన తెల్వాలె గద. గా కాయితం కిందనే ఇంకొక్క ముక్క రాయున్రి, ‘నా సమక్షంలో సత్తమ్మ వీధి సాఫ్ చేసింది, పని బాగున్నది’ అని. మీ పేరు మస్తు దూరం పోతది.”

పొగిడితే చాలు, ఆయన దేని మీదైనా సంతకం పెడతాడు. పెట్టాడు. స్టాంపు కూడా వేశాడు. బిక్షపతి సిరా ఆరేదాకా ఊది, కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

వీధి పూర్తయ్యాక జనార్ధనరావు గొలుసు తీసుకుని, గెలిచిన మనిషిలా రోడ్డు మీదికి వచ్చాడు. “కమాన్, సీజర్!”

కాగితాలు పట్టుకుని నిలబడ్డవాళ్ళని ఆయన రోజూ ఎలా చూసేవాడో, సీజర్ ఆయన్ని అలాగే చూసి మొహం తిప్పేసుకుంది. ఆయన మెడ పట్టీ పట్టుకుని లాగాడు. కుక్క కదల్లేదు. రెండు చేతులతో లాగాడు. మొహం కందగడ్డ అయింది, కాన్వాసు బూట్లు జారాయి, కుక్క మాత్రం పాతిన రాయిలా అక్కడే ఉంది. ఆయన వీధిలో నడుం వంచడం కాలనీ చూడటం మూడేళ్ళలో అదే మొదటిసారి.

“మీది గాదు గద సార్,” అన్నాడు బిక్షపతి, సైకిలు స్టాండు తీస్తూ. “రాసిచ్చిన్రు గద.”

“రా బిడ్డా, పోదాం,” అంది సత్తమ్మ. సీజర్ చటుక్కున లేచి ఆమె వెంట వెళ్ళింది. దానికి తెలుగు వచ్చని కాలనీకి ఆ రోజే తెలిసింది.

దీపావళికి ముందే పర్మనెంటు ఉత్తర్వు వచ్చింది. కార్డు వచ్చింది, మందులు వచ్చాయి. చంద్రయ్య ఆ చలికాలం దాటాడు. నులకమంచం మీద కూర్చుని, కాళ్ళ దగ్గర పడుకున్న సీజర్ వీపు నిమురుతూ ఎండ కాచుకునేవాడు.

జనార్ధనరావు ఊరుకోలేదు. తన కుక్క తనకి ఇప్పించమని మునిసిపాలిటీకి అర్జీ పెట్టుకున్నాడు. కుక్క ఆయనదేనని మరో గెజిటెడ్ ఆఫీసరు చేత ధ్రువీకరించి తెమ్మని జవాబు వచ్చింది. కాలనీలో అలాంటివాళ్ళు ఇంకో ఆరుగురున్నారు, సంతకాలకని వచ్చేవాళ్ళని గుమ్మంలోకి రానివ్వనివాళ్ళు, కమిటీలో పనిచేసినవాళ్ళే. ఆయన ఆరు గేట్ల ముందూ కాగితం పట్టుకుని నిలబడ్డాడు. ఒకాయన షికారుకి వెళ్తున్నానన్నాడు, ఒకాయన పూజలో ఉన్నానన్నాడు, ఎవరికీ కలం దొరకలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున సత్తమ్మ వీధి ఊడ్చుకుంటూ వస్తోంది. ముందు నడుస్తున్న సీజర్ సరిగ్గా జనార్ధనరావు గేటు ముందు ఆగి, పాత అలవాటు ప్రకారం నడుం వంచింది. ఈ అవకాశం కోసమే కాచుకుని ఉన్నట్టు ఆయన గేటు తోసుకుని బయటికి వచ్చాడు.

“ఏయ్! ఎవరిదీ కుక్క? నా గుమ్మం ముందా?”

సంతకాల కోసం నిలబడ్డవాళ్ళందరూ తల తిప్పి చూశారు. సత్తమ్మ చీపురు గోడకి ఆనించింది. వంగి, రేకుతో దాన్ని తీసి తట్టలో వేసుకుంది.

“నాదే సారూ,” అంది. “నా కుక్కది నేను దీసుకుంటున్న.”

గేటు ముందు ఉన్నవాళ్ళు పక్కకి జరిగి, ఆమెకీ కుక్కకీ దారి ఇచ్చారు.