అటక మీద తొట్టెల

సిరిసిల్లలో నర్సవ్వ ఇల్లంటే కింద నాలుగు సాంచాలు, మీద ఒక అటక. మరమగ్గాలను అక్కడ సాంచాలనే అంటారు. కిందంతా అవే ఆక్రమించుకుంటే, నర్సవ్వ, మొగుడు దశరథం చెక్కలు పరిచిన ఆ అటక మీదే ముప్పై ఏళ్లుగా కాపురం చేస్తున్నారు. బియ్యం డబ్బాలే పీటలు, మెట్ల కింద నూలు కండెలు, దూలానికి వేలాడే చీర మూటలో బట్టలు. జానెడు చోటు వృథాగా పోతే నర్సవ్వకు నిద్ర పట్టదు. నిటారుగా నిలబడగలిగే చోటు మాత్రం నడిమధ్య ఒక్కటే ఉంది.

కూతురు రమ తొలి కాన్పుకు వచ్చి ఆడపిల్లను కన్నాక, ఆ చోటులోనే నర్సవ్వ పసిదాన్ని ఊపే తొట్టెల కట్టింది. ఆనాటి నుంచి ఇంటిల్లిపాదీ నడుం వంచుకు తిరగాల్సిందే.

కోరుట్ల వియ్యపురాలు సంగతి విని మూతి విరిచింది. "గా సప్పుడుల పసిపిల్ల ఎట్ల పంటది వదినా? ఇరవయ్యొక్క దినాలు కాంగనే మా ఇంటికి పంపుండ్రి."

నర్సవ్వకు ఒళ్లు మండింది. తొలి కాన్పు చేసి, ఐదో నెల దాకా తల్లినీ పిల్లనూ దగ్గర పెట్టుకోవడం పుట్టింటి ముచ్చట. చోటు చాలదని దాన్ని వదులుకుంటుందా? ఇరవై ఒకటో రోజున వియ్యపురాలు వచ్చినప్పుడు కావాలనే నాలుగు సాంచాలూ ఆడించింది. అటక అదిరిపోయింది. తొట్టెలలో పిల్ల గుప్పిట్లు బిగించి హాయిగా నిద్రపోయింది.

"సూసినవా వదినా! సాంచాలోళ్ల మనుమరాలు. గీ సప్పుడే దానికి జోలపాట."

వియ్యపురాలు వచ్చిన దారినే ఒంటరిగా తిరిగి వెళ్లింది. నర్సవ్వ ఈ గొప్ప వాడంతా చెప్పుకుంది. పిచ్చి తల్లి, గెలిచాననుకుంది.

మూడో నెలలో రమే అడిగింది. "అమ్మా, పిల్ల పిలిస్తె సూస్తలేదే. ఒక్కపారి దవఖానకు పోదామా?"

"గీ సాంచాల సప్పుడుల నువ్వు పిలిస్తె నాకే ఇనవడ్తలేదు, దానికెట్ల ఇనవడ్తది?" అని నర్సవ్వ కొట్టిపారేసింది. అది అబద్ధమేం కాదు. ఆ ఇంట్లో భుజం తట్టి, చేయి ఊపి మాట్లాడుకోవడమే అలవాటు. ఐదో నెల దాటినా ఆమె కూతుర్ని పంపలేదు. పిల్లకు పళ్లు వచ్చాక పోదువులే అంది.

ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారి ఆగాయి. అప్పుడే మేకుకు తగిలించిన ఇత్తడి గిన్నె జారి, తొట్టెల వెనక రేకు డబ్బా మీద దభాలున పడింది. రమ కెవ్వుమంది. కింద దశరథం "ఏమైందే?" అని అరిచాడు. పిల్ల మేలుకునే ఉంది, తన కాలి బొటనవేలు పట్టుకుని ఆడుకుంటోంది. తల కూడా తిప్పలేదు.

నర్సవ్వ పిల్ల వెనక చేరి చప్పట్లు కొట్టింది. గిన్నె తీసి డబ్బా మీద కొట్టింది. ఇంకా గట్టిగా కొట్టింది. చివరికి రమ ఆమె చేయి పట్టుకుని ఆపింది.

కరీంనగర్‌లో చెవుల డాక్టరు పరీక్షలు చేయించి, పిల్లకు పుట్టుకతోనే వినికిడి లేదన్నాడు. చెవికి మిషన్ పెట్టించవచ్చు, మాటలు నేర్పించవచ్చు, కానీ మొదటి నెలల్లోనే తెస్తే పని చాలా తేలికయ్యేదన్నాడు. తిరుగు ప్రయాణంలో రమ ఒక్క మాటే అంది. "నేను జెప్పిన గదనే అమ్మా." కోపంగా అన్నా బాగుండేది. నర్సవ్వకు గుండె చెరువైంది. తన పంతమే పిల్ల పాలిట శత్రువైందని తెలిసిపోయింది. కానీ ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి?

తర్వాతి ఆదివారం రమ పిల్లను తీసుకుని కోరుట్ల బస్సెక్కింది. బస్సు కదలగానే నర్సవ్వ కిటికీ వెంట నడుస్తూ, అలవాటుకొద్దీ "అక్షితా! ఓ అక్షితా!" అని పిలిచింది. పిల్ల ముందు సీట్లో ఎవరి జడకో ఉన్న ఎర్ర రిబ్బను చూస్తోంది. ఏరికోరి తాను పెట్టిన ఆ పేరును పిల్ల ఒక్కసారీ వినలేదని నర్సవ్వకు అప్పుడు తట్టింది. పిలవడం ఆపి, చేయి పైకెత్తి ఊపింది.

రమ పిల్ల గడ్డం పట్టుకుని, మెల్లగా అమ్మమ్మ వైపు తిప్పింది.